కెనాన్ 200డితో ల్యాండ్‌స్కేప్: 10-18 కొనాలా, 55-250 కొనాలా?

మీ దగ్గర కెనాన్ 200డి, దాంతో వచ్చిన 18-55 ఎస్‌టీఎం లెన్స్ ఉన్నాయి (అంకెలు ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో: తక్కువైతే దృశ్యం వెడల్పుగా పడుతుంది, ఎక్కువైతే దూరంగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది; ఎస్‌టీఎం ఒక రకం ఫోకస్ మోటార్). చలికాలంలో అరకు, పాడేరు దగ్గరి వంజంగి కొండ చూసుకుని, తర్వాత గండికోట వెళ్తానన్నారు. షాపుల్లో మూడు సలహాలిచ్చారు: 10-18, 50 ఎంఎం ఎఫ్/1.8, ‘రేపు ఫుల్ ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సర్ కెమెరాకి) మారినా పనికొస్తుంది’ అంటూ 16-35. ఒక్కటే కొనగలను, ఏది కొనాలన్నది మీ ప్రశ్న. నేనైతే ఆ మూడింట్లో లేని 55-250 ఐఎస్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు ఉన్న) ఎస్‌టీఎం ముందు కొనమంటాను. 10-18 తప్ప వేరే దారి లేని చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

ముందు రెండింటిని పక్కన పెట్టేద్దాం. ల్యాండ్‌స్కేప్ తీసేది ఎక్కువగా ఎఫ్/8లో (ఎఫ్ పక్క అంకె లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్ కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నది). అక్కడ 50 ఎంఎం ప్రైమ్‌కీ (జూమ్ లేని లెన్స్‌కీ), మీ 18-55ని 50 దగ్గర పెట్టి తీసినదానికీ ప్రింట్‌లో తేడా పట్టుకోవడం కష్టం. ఎఫ్/1.8 మీకు పోర్ట్రెయిట్‌లకు పనికొస్తుంది, కొండలకు కాదు. ఇక 16-35: 200డి సెన్సర్ 1.6 క్రాప్ (ఫుల్ ఫ్రేమ్ కంటే 1.6 రెట్లు చిన్నది) కాబట్టి అది ఫుల్ ఫ్రేమ్ లెక్కలో సుమారు 26-56 అవుతుంది. మీ 18 కంటే అటూ ఇటూ కాస్త ఎక్కువ కనిపిస్తుంది, అంతే. సెన్సర్ దాకా రాని వెలుతురు కోసం పెద్ద గాజుకి డబ్బు కట్టి, 600 గ్రాముల పైన బరువు మోస్తూ తిరగాలి. ఫుల్ ఫ్రేమ్ బాడీ కొన్న రోజు కొనుక్కోండి.

అసలు విషయం వైడ్ లెన్స్ ఏం చేస్తుందన్నది. చాలామంది ‘అంతా పట్టాలి’ అని 10 ఎంఎం కొంటారు. అంతా పడుతుంది, నిజమే: 18 దగ్గర అడ్డంగా 63 డిగ్రీలు వస్తే 10 దగ్గర 96 డిగ్రీలు వస్తుంది. కానీ అదే చోట నిలబడి తీస్తే దూరంగా ఉన్న కొండ 18లో కనిపించినదానికంటే 1.8 రెట్లు చిన్నదైపోతుంది. కాళ్ల దగ్గరున్నది మాత్రం ఫ్రేమ్‌లో సగం ఆక్రమిస్తుంది. వంజంగి వ్యూపాయింట్‌లో తెల్లవారుజామున మీ కాళ్ల దగ్గర ఉండేది తొక్కిన మట్టి, పక్కవాళ్ల తలలు, సెల్ఫీ స్టిక్కులు. మీరు తీయాలనుకున్న మేఘాల సముద్రం మధ్యలో సన్నటి తెల్ల గీతలా మిగులుతుంది. కంటికి అంత గొప్పగా కనిపించింది ఫొటోలో తేలిపోయిందేమిటి అనిపించేది ఇందుకే.

అక్కడ పనిచేసేది 100 నుంచి 250 మధ్య. మబ్బుల్లోంచి పైకి తేలిన రెండు శిఖరాలు, వాటి వెనక వరసగా పలచబడుతూ పోయే కొండల అంచులు, ఇవన్నీ టెలీలో (దూరాన్ని దగ్గరకు తెచ్చే లెన్స్‌లో) ఒకదాని మీద ఒకటి దగ్గరకు వస్తాయి. సూర్యబింబం సైజు చూడండి: 18 ఎంఎంలో ఫ్రేమ్ ఎత్తులో సుమారు తొంభయ్యో వంతు, అంటే ఒక చుక్క. 250లో దాదాపు ఆరో వంతు. ఒక జాగ్రత్త: టెలీ పెట్టి సూర్యుణ్ణి వ్యూఫైండర్‌లోంచి చూడకండి, కంటికి ప్రమాదం. లైవ్ వ్యూలోనే (కెమెరా వెనక తెర మీదే), అదీ బింబం ఎర్రగా ఉన్న కాసేపే తీయండి.

టెలీతో ఎదురయ్యే తిప్పలు వేరు. 250 దగ్గర ఎఫ్/8లో హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ ఫోకస్ చేస్తే అందులో సగం దూరం నుంచి చివరిదాకా పదునుగా వచ్చే దూరం) 400 మీటర్ల పైనే. అంటే 100 మీటర్ల దూరంలో ఉన్న చెట్టుకొమ్మ, దూరపు కొండ రెండూ ఒకే ఫ్రేమ్‌లో షార్ప్‌గా రావు. కొమ్మను వదిలేయండి, లేదా రెండు ఫొటోలు వేరే ఫోకస్‌తో తీసి కలపండి. ఎండెక్కాక నేల మీంచి లేచే వేడిగాలికి కొండ అంచులు వణికినట్టు వస్తాయి, దానికి ఏ లెన్సూ మందు కాదు. సూర్యోదయానికి అటూ ఇటూ గంటలోపే పని ముగించాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు ఐఎస్ ఆఫ్ చేయండి, మధ్య కడ్డీ పైకి లేపకండి, కెమెరా స్ట్రాప్ గాలికి కొట్టుకోకుండా చుట్టేయండి, లైవ్ వ్యూలో 2 సెకన్ల టైమర్ పెట్టండి. చాలా మసక ఫొటోలకు కారణం లెన్స్ కాదు, ఆ స్ట్రాపే.

గండికోటకి వచ్చేసరికి లెక్క మారుతుంది. లోయ అంచున నిలబడితే కాళ్ల దగ్గర ఎర్రరాయి, కింద పెన్నా, ఎదురుగా అవతలి గోడ. ముందుభాగానికి నిజంగా అక్కడ పని ఉంది. 10 ఎంఎంలో ఎఫ్/8 పెట్టి సుమారు 70 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, ఇంచుమించు 35 సెంటీమీటర్ల నుంచి దూరం దాకా పదునుగా వస్తుంది. అదే 18లో 2 మీటర్లకు కాస్త అవతల ఫోకస్ చేయాలి, దగ్గరి హద్దు ఒక మీటరు. 24 మెగాపిక్సెల్ ఫైల్‌ని పెద్దగా చూసేవాళ్లకు ఈ పాత హైపర్‌ఫోకల్ లెక్క కొంచెం ఉదారంగా ఉంటుంది. దూరపు గోడ ముఖ్యమైతే 18లో 3 మీటర్ల దగ్గర ఫోకస్ చేయండి.

అయినా 10-18 లేకుండానే ఆ వెడల్పు మీ 18-55తో వస్తుంది. కెమెరాను నిలువుగా పెట్టి 18 దగ్గర తీస్తే ఒక్కో ఫ్రేమ్ అడ్డంగా 45 డిగ్రీలు పడుతుంది. ఒక్కోసారి 30 డిగ్రీలు తిప్పుతూ మూడు ఫ్రేములు తీస్తే మొత్తం 105 డిగ్రీలు. అంచులు కత్తిరించాక 10 ఎంఎం ఇచ్చేదానికి దగ్గరగానే మిగులుతుంది, ఎత్తులో మాత్రం 73 డిగ్రీల బదులు 63 లోపే. ఫైల్ పిక్సెళ్లు దాదాపు రెట్టింపు. పద్ధతి ఇది: ట్రైపాడ్‌ని సమంగా నిలబెట్టండి, ఎం (మాన్యువల్) మోడ్‌లో ఎక్స్‌పోజర్ ఒకటే ఉంచండి, వైట్ బ్యాలెన్స్ ఆటోలోంచి తీసి డేలైట్ పెట్టండి, ఫోకస్ ఒకసారి చేసి ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్‌కి) మార్చండి, రా (RAW) ఫైల్‌గా తీయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఆకాశంలో అతుకులు కనిపిస్తాయి. కలపడానికి లైట్‌రూమ్ ఉంటే సరే, లేకపోతే ఉచితంగా దొరికే హ్యూగిన్ చాలు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, 2 మీటర్లకంటే దగ్గరగా రాయో గడ్డో ఉన్నప్పుడు. కెమెరా తిరిగేది దాని అడుగున, లెన్స్ చూసే బిందువు ఉండేది ముందుకు. ఆ తేడా వల్ల దగ్గరి వస్తువు ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కో చోట పడి, సాఫ్ట్‌వేర్ దాన్ని రెండుగా విరుస్తుంది. కదిలే అలలు, గాలికి ఊగే గడ్డి కూడా అంతే. 10-18 కొనాల్సింది వీటి కోసం: విశాఖ తీరంలో రాళ్ల మీదికొచ్చే అల, మోకాలి ఎత్తున పెట్టి తీసే పువ్వులు, బొర్రా గుహల్లో ఇరుకుగా ఉండే చోట్లు. మీ ఫొటోల్లో ఇలాంటివే ఎక్కువైతే నా సలహా తిరగేసి 10-18 ముందు కొనండి. 240 గ్రాములే, షార్ప్‌నెస్‌కి పేరు పెట్టక్కర్లేదు. కెమెరా పైకి వంచితే మాత్రం గండికోటలోని మసీదు మినార్లు లోపలికి వాలిపోతాయి. కెమెరా సమంగా ఉంచి, అడుగున ఎక్కువైనది తర్వాత కత్తిరించండి.

అపర్చర్ విషయంలో పాత పుస్తకాలు ఎఫ్/16, ఎఫ్/22 అంటాయి. 200డి పిక్సెల్ సుమారు 3.7 మైక్రాన్లు. ఎఫ్/16లో కాంతి బిందువే 21 మైక్రాన్ల దాకా, అంటే ఐదారు పిక్సెళ్ల మీదికి పరుచుకుని ఫొటో మసకబారుతుంది. ఎఫ్/8 మీ ఇల్లు అనుకోండి, అవసరమైతే ఎఫ్/11, ఆపైన సూర్యుడి చుట్టూ నక్షత్రపు కోణాలు కావాలనుకున్నప్పుడే.

ఎస్‌టీఎం లెన్సుల మీద దూరం గీతలుండవు, ఫోకస్ రింగ్ కరెంటుతో పనిచేస్తుంది. కాబట్టి ‘70 సెంటీమీటర్లు’ అని తిప్పి పెట్టడం కుదరదు. ఆ దూరంలో ఉన్న రాయి మీద లైవ్ వ్యూ 10 రెట్లు పెంచి ఆటోఫోకస్ చేసి, ఎంఎఫ్‌కి మార్చండి. కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఫోకస్ అక్కడే ఉందని నమ్మకండి, మళ్లీ చూసుకోండి.

ఫిల్టర్ల దగ్గర 55-250కి ఇంకో లాభం: దానికీ మీ 18-55కీ ఫిల్టర్ సైజు 58 ఎంఎమ్మే, ఒక్క పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) రెండింటికీ సరిపోతుంది. 10-18కి 67. తర్వాత అది కూడా కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే 67 పోలరైజర్, 58 నుంచి 67కి స్టెప్-అప్ రింగ్ (చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ అమర్చే రింగ్) తీసుకోండి. కటికి జలపాతం దగ్గర తడి రాళ్ల మీద, ఆకుల మీద మెరుపు తగ్గించడానికి పోలరైజర్‌కి మించింది లేదు. 10 ఎంఎంలో నీలాకాశానికి మాత్రం వాడకండి: సూర్యుడికి 90 డిగ్రీల వైపు ఆకాశం నల్లబడి, మిగతాది తెల్లగా ఉండిపోతుంది. జలపాతం పాలలా రావాలంటే 6 స్టాపుల ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టర్) చాలు, 1/15 సెకను 4 సెకన్లవుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే, వెనక మూత తీసి ఫోన్ టార్చ్ ఒక పక్క నుంచి వేసి, మరో పక్క నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. రెండు దుమ్ము రేణువులైతే పర్లేదు. తర్వాత దూరంగా ఉన్న భవనాన్ని ఎఫ్/5.6లో ఒకసారి ఎడమ అంచున, ఒకసారి కుడి అంచున పెట్టి తీసి 100 శాతంలో పోల్చండి. ఒక వైపే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగినట్టే, ఎంత చవకైనా వద్దు.

తీరంలో ఏసీ గదిలోంచి కెమెరాను బయటికి తెస్తే గాజంతా ఆవిరి పడుతుంది. బ్యాగ్ జిప్ తీయకుండా అరగంట ముందే బయట పెట్టండి. వంజంగిలో ఇబ్బంది ముందు గాజు మీద పడే మంచుతో. దాన్ని కొంత ఆపే లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తొడుగు) విడిగా కొనుక్కోవాలి, తప్పకుండా కొనండి.

నక్షత్రాలు, పాలపుంత కూడా మనసులో ఉంటే ఈ రెండు లెన్సులూ సరిపోవు. 10-18 ఇచ్చే ఎఫ్/4.5తో పోలిస్తే ఎఫ్/2.8కి రెండున్నర రెట్లు వెలుతురు వస్తుంది. దానికి టోకినా 11-16 ఎఫ్/2.8 సెకండ్ హ్యాండ్‌లో వెతకండి.

ఇది చదివే నైకాన్ వాళ్లకు: మీ వైపు 10-18కి సాటి ఏఎఫ్-పి డీఎక్స్ 10-20. డి90, డి3000 లాంటి పాత బాడీల మీద అది అసలు ఫోకస్ కాదు, కొనే ముందు మీ మోడల్ చూసుకోండి.