హైబ్రిడ్ బస్సుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? వైజాగ్‌లో పనికొస్తుందా?

హైబ్రిడ్ బస్సులో డీజిల్ ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉంటాయి. బయటి నుంచి ఛార్జి చేసే ప్లగ్గు లేని మామూలు హైబ్రిడ్ అయితే, కరెంటును బస్సే తయారుచేసుకుంటుంది. బ్రేకు తొక్కగానే మోటారు జనరేటరుగా మారి, బస్సు ఊపును కరెంటు చేసి బ్యాటరీకి పంపుతుంది. డీజిల్ బస్సులో అదంతా బ్రేకుల దగ్గర వేడిగా పోతుంది. నిండా జనంతో ఆగిన బస్సును మళ్లీ లాగడానికే డీజిల్ ఎక్కువ తాగుతుంది. సరిగ్గా అక్కడే ఆ కరెంటు సాయానికొస్తుంది.

అందుకే లాభం రూటును బట్టి ఉంటుంది. గాజువాక నుంచి ఎన్ఏడీ జంక్షన్ మీదుగా ఆర్టీసీ కాంప్లెక్సుకు అడుగడుగునా ఆగుతూ వచ్చే బస్సుకు బాగా కలిసొస్తుంది. భీమిలి బీచ్ రోడ్డులో ఆగకుండా పోయేదానికి పెద్దగా మిగలదు. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు బోలెడు కరెంటు పుడుతుంది గానీ, హైబ్రిడ్ బ్యాటరీ చిన్నది, ఇట్టే నిండిపోతుంది. ఆపైన మామూలు బ్రేకులే దిక్కు.

ముంబైలో 2018లో 25 టాటా హైబ్రిడ్‌లు తెచ్చారు. 2023లో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకం మాత్రం 10,000 పూర్తి ఎలక్ట్రిక్ బస్సులకు. నన్నడిగితే వైజాగ్‌కీ అదే మేలు: హైబ్రిడ్ అంటే డిపోలో ఇంజనుకీ మోటారుకీ రెండింటికీ చాకిరీ చేయాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చూసుకునే బాధ ఎలాగూ ఏ బస్సుకైనా తప్పదు.