ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరాలా, హెల్పర్‌గా వెళ్లాలా?

మీ తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడు, అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ ఏడెనిమిది వేలే, బయట హెల్పర్‌గా వెళ్తే అంతకన్నా ఎక్కువ వస్తుంది, ఏది మేలు అని అడిగారు. నేను భీమవరం దగ్గర మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన మోటార్లకి రాగి వైరు మళ్లీ చుట్టే షాపు, నడుపుతున్నానండి, ఒకప్పుడు అప్రెంటిస్‌నే. డబ్బు సంగతి తర్వాత, ముందు అక్కడ కుర్రాడి చేతికి ఏ పని ఇస్తారో కనుక్కోండి.

ఓనరు వైపు లెక్క చెప్తాను. కుర్రాడికి ఇచ్చే డబ్బు మాకు పెద్ద ఖర్చు కాదు. రొయ్యల చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్ కాలిపోయి వస్తే పాత కాయిల్ పీకడం, స్లాట్లు శుభ్రం చేయడం ఎవడికైనా త్వరగానే వచ్చేస్తుంది. కొత్త కాయిల్ వాడి చేత వేయిస్తేనే ఖర్చు మొదలవుతుంది. టర్న్స్, అంటే వైరు చుట్ల లెక్క, తప్పితే రాగి వైరు పోయింది, పక్కన కూర్చున్న మేస్త్రీ సగం రోజు పోయింది, పైగా రైతు రాత్రికల్లా మోటార్ కావాలని ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు, ఎందుకంటే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పంటంతా పోతుంది. ఆ టెన్షన్‌లో ఎవరూ నేర్పరు. పని తగ్గినప్పుడు నేర్పితే, కొన్నాళ్లకి వాడి పని విలువ మేమిచ్చేదాన్ని దాటుతుంది, అప్పుడు మా డబ్బు వెనక్కొస్తుంది. సరిగ్గా అప్పుడే వాడు పక్క వీధిలో సొంత షాపు పెడతాడన్నది మా భయం. అందుకే ఏ మోటార్‌కి ఎన్ని టర్న్స్, ఏ గేజు (మందం) వైరు అని రాసుకున్న నోట్‌బుక్ కుర్రాళ్లకి చూపించని మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు.

అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో చెప్పిందీ దాదాపు ఇదే: ఎక్కడికెళ్లినా పనికొచ్చే విద్యకి కంపెనీ తన జేబులోంచి పెట్టదు, నేర్చుకునేవాడే తక్కువ జీతం రూపంలో కట్టుకుంటాడు. అంటే హెల్పర్ కూలికీ స్టైపెండ్‌కీ మధ్య తేడా మీ తమ్ముడు కట్టే ఫీజు. ఫీజు కట్టి ప్యాకింగ్, లోడింగ్ చేస్తే ఏం లాభం?

అలాంటి చోట్లు ఉన్నాయి మరి. 1961 అప్రెంటిస్ చట్టం కింద, 2019లో మార్చిన రూల్స్ ప్రకారం, 30 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. 2016లో వచ్చిన కేంద్ర పథకంలో స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1,500 దాకా, ప్రభుత్వమే భరిస్తుంది. లెక్క చూపించడానికి తీసుకునేవాళ్లూ, నిజంగా నేర్పేవాళ్లూ కాగితం మీద ఒకేలా కనిపిస్తారు, అందుకని పోయినేడు అక్కడ చేసిన కుర్రాణ్ణి పట్టుకుని ప్యానెల్ బోర్డు ముట్టుకోనిచ్చారా అని అడగండి.

అప్రెంటిస్ కాంట్రాక్టుని ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించకుండా మాత్రం చేరొద్దు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ ట్రైనీయే గానీ వర్కర్ కాదు, అయినా పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమానే ఇవ్వాలి, రిజిస్టర్ కాకపోతే అప్రెంటిస్ అని నిరూపించుకోవడానికే మీరు తిరగాలి.

ఇంకోటి, మీ పాలకొల్లు నుంచి రోజూ వెళ్లొచ్చే దూరమైతే ఆ స్టైపెండ్‌తో నెట్టుకురావచ్చు. విశాఖలో రూము తీసుకోవాలంటే అద్దెకీ తిండికీ ఇంటి నుంచే పంపాలి, అది కూడా ఫీజులో కలుపుకుని చూడండి.