సిమెంటు మార్చకు, గోడ చూసుకో

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "పళ్ళకి పెట్టిన క్యాపులు ఊడొస్తున్నాయి మామయ్యా, ఏ సిమెంటు మంచిది?" అని అడిగావు. అప్పుడు కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు, సరిగ్గా చెప్పలేకపోయాను. రాయగడలో క్లినిక్కు తెరిచి ఏడాదైనా కాలేదు, అప్పుడే నింద సిమెంటు మీద వేశావు. నీ ఈడులో నేనూ అదే చేశాను.

కాశీనగర్ నుంచి ఒక మాస్టారు వచ్చేవారు. కింది దవడ, చివరి నుంచి రెండో పన్ను. క్యాపు పెట్టిన నెలకి ఊడింది. సిమెంటు మార్చాను. మళ్ళీ ఊడింది. ఖరీదైనది తెప్పించాను. మూడోసారి ఆయన దాన్ని అగ్గిపెట్టెలో తెచ్చి, "డాక్టరుగారూ, ఇది నా నోట్లో కంటే ఈ పెట్టెలోనే బాగా కుదురుతోంది" అన్నారు. ఆ సాయంత్రం సిగ్గుపడి, విశాఖ ల్యాబు వాళ్ళు మోడలుతో పాటు పంపిన డై, అంటే క్యాపు కోసం నేను అరగదీసిన పంటి నమూనా, బయటికి తీశాను. అది పన్నులా లేదు, కళ్లంలో ధాన్యం రాశిలా ఉంది. వెనక గోడ పూర్తిగా వాలిపోయింది. రాశి మీద గంప బోర్లిస్తే నిలుస్తుందా?

చదువుకునేటప్పుడు ఎదురెదురు గోడల మధ్య వాలు 6 డిగ్రీలని రాసి మార్కులు తెచ్చుకున్నాం. నోట్లో అది ఎవరికీ రాదు. 10 నుంచి 20 లోపు ఉంటే పని నడుస్తుంది. కానీ వాలు పెరిగేకొద్దీ పట్టు ఎంత వేగంగా పడిపోతుందో యోర్గెన్‌సెన్ అనే పరిశోధకుడు 1955లోనే కొలిచి చూపించాడు. పన్ను అరగదీసే బర్‌కే రెండు వైపులా రెండు మూడు డిగ్రీల వాలు ఉంటుంది. నువ్వు నిటారుగా పట్టుకుంటే చాలు, వాలు అదే ఇస్తుంది. చివరి పళ్ళ దగ్గర నోరు చాలక మన మణికట్టు వంగుతుంది. ఆ వంపే గోడలో కనిపిస్తుంది. ముందుగా నీ మణికట్టుని అనుమానించు.

వడ్రంగి చెక్క వంకర చూసేటప్పుడు ఒక కన్ను మూస్తాడు, గమనించావా? నువ్వూ అలాగే చూడాలి. రెండు కళ్ళతో చూస్తే లోపలికి నొక్కుకుపోయిన అండర్‌కట్ కూడా బాగున్నట్టే కనిపించి మోసం చేస్తుంది. అద్దం పెట్టి, అడుగు దూరం నుంచి ఒంటి కన్నుతో చూడు. చుట్టూ మార్జిన్, అంటే కోత ఆగే అంచు, మొత్తం ఒకేసారి కనబడాలి, ఏ గోడా దానికి అడ్డు రాకూడదు.

అరగదీశాక నమిలే పన్ను ఎత్తు 4 మి.మీ. కంటే తగ్గితే గోడలు ఎంత నిటారుగా ఉన్నా నమ్మకం లేదు. మాస్టారి పన్ను 3 కూడా లేదు. ముందూ వెనకా ఒక్కో నిలువు గాడి కోసి, కింది భాగం గోడలు నిటారు చేసి, పాత సిమెంటుతోనే కొత్త క్యాపు పెట్టాను. అది మళ్ళీ అగ్గిపెట్టె మొహం చూడలేదు.

పై నుంచి తీసేది కూడా అంతే జాగ్రత్తగా తియ్యి. పీఎఫ్ఎం (మెటల్ మీద పింగాణీ) అయితే పనిచేసే కస్పు, అంటే నమిలే మొన, మీద 2 మి.మీ., ఉత్త మెటలైతే 1.5 చాలు. పన్ను వాలులు ఎలా ఉన్నాయో అలాగే తియ్యి, అరుగులా చదును చేశావా ఎత్తు పోతుంది. ఎంత తీశావో కంటితో చెప్పలేవు. ముందే తీసుకున్న అచ్చుతో టెంపరరీ క్యాపు చేసి ఇవాన్సన్ గేజ్‌తో మందం కొలువు. ఎక్కడ పలచగా వచ్చిందో అక్కడ నువ్వు తక్కువ తీశావన్నమాట. నా దృష్టిలో ఆ గేజ్ ఏ ఖరీదైన సిమెంటుకన్నా విలువైనది.

ఇక మన వైపు పేషెంట్ల సంగతి. గుడాకు (పొగాకు పేస్టు) రుద్దే ఆడవాళ్ళ చిగుళ్ళు దిగిపోయి పంటి మెడ బయటపడి ఉంటుంది. మార్జిన్‌ని చిగురు వెంటే కిందికి తీసుకెళ్ళకు. కింద వేరు సన్నబడుతుంది, అక్కడిదాకా గోడ దింపాలంటే పై పన్నంతా తినేయాలి. దవడపళ్ళకి మార్జిన్ చిగురు పైనే ఆపు. వాళ్ళకి శుభ్రం చేసుకోవడం సులువు, నీకు అచ్చు తియ్యడం సులువు. చాంఫర్, అంటే అంచు దగ్గర గుండ్రటి కోత, కోసేటప్పుడు బర్ కొన సగం మించి దించకు, అంచున పలచటి పెచ్చు నిలిచిపోతుంది. ల్యాబులో డై మీద విరిగేది ఆ పెచ్చే.

కొండల మీది ఊళ్ళ సవరలు జీపులు మారి వస్తారు, మళ్ళీ రమ్మంటే ఒక రోజు కూలి పోతుంది. అందుకని కంగారుగా కోసేస్తుంటావు, నాకు తెలుసు. తొందరలో ఎయిరోటర్ (పన్ను కోసే మిషను) నీళ్ళు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవు. పల్ప్ (పంటి లోపలి జీవభాగం) వేడి 5.5 డిగ్రీలు పెరిగితే కోతుల పళ్ళలో వందకి పదిహేను చచ్చిపోయాయని 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు చూపించారు. బతికున్న పన్ను మీద కాలిన వాసన వస్తే చెయ్యి ఆపెయ్యి.

ల్యాబుకి ఫోన్ చేసి, ఆ ఊడిన మూడు క్యాపుల డైలు పారెయ్యొద్దని చెప్పు. రథయాత్రకి వచ్చేటప్పుడు సంచిలో వేసుకురా. అత్తయ్య వంట అయ్యేలోపు వీధరుగు మీద కూర్చుని ఒంటి కన్నుతో ఒక్కొక్కటీ చూద్దాం. మాస్టారి డై కూడా నా బల్ల సొరుగులోనే ఉంది.

మీ మామయ్య