గోల్ మిస్సయితే కెమెరా వదిలేయాలా?

ప్రశ్న: నేను మీడియా కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్య మా కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్‌ని నాలుగు కెమెరాలతో లైవ్ ఇచ్చాం. నాది క్లోజప్ కెమెరా. మొదట్లో బాగానే చేశాను. తీరా గోల్ పడే సమయానికి నా కెమెరానే ఆన్‌ఎయిర్‌లో ఉంది, ఫ్రేమ్‌లో మాత్రం ఖాళీ గడ్డి. హెడ్‌సెట్‌లో డైరెక్టర్ గట్టిగా అరిచారు. ఆ టెన్షన్‌లో మిగతా మ్యాచ్ ఎలా తీశానో కూడా గుర్తు లేదు. నాకు లైవ్ స్పోర్ట్స్ అంటే ప్రాణం. ఈ పనికి నేను పనికిరానా? అందులో స్థిరమైన ఉద్యోగాలు ఉండవని ఇంట్లోవాళ్లు కూడా అంటున్నారు.

జవాబు: ఒక్క గోల్‌ని బట్టి ఎవరూ అలా తేల్చి చెప్పలేరు. అసలు ఆ తప్పు మొత్తం మీదేనా అని కూడా నాకు అనుమానమే. ఫుట్‌బాల్‌లో ఆట నడుస్తున్నంతసేపూ ఎక్కువగా చూపించేది మైదానం మధ్యగీతకు ఎదురుగా, ఎత్తులో పెట్టిన వైడ్ కెమెరానే. బంతి ఆగినప్పుడో, ఆట నెమ్మదించినప్పుడో క్లోజప్‌కి వెళ్తారు. గోల్ పడే వేళ మీ కెమెరా ఆన్‌ఎయిర్‌లో ఉందంటే, డైరెక్టర్ వైడ్‌కి తిరిగి వెళ్లడంలో ఆలస్యం చేసి ఉండొచ్చు. ఇది ఆయనతో వాదన పెట్టుకోమని చెప్పడం లేదు, మీ మనసులో లెక్క సరిచూసుకోమంటున్నాను.

మీ వాటా కూడా చూద్దాం. ఖాళీ గడ్డి కనిపించిందంటే మీరు బంతి వెంట పడ్డారన్నమాట. బిగువు ఫ్రేమ్‌లో బంతిని వెంటాడి పట్టుకోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టమే. ఆటగాడిని పట్టుకోవాలి. అతను కాలు వెనక్కి లాగాడంటే బంతి వెళ్లిపోబోతోందని అర్థం. ఆ క్షణంలోనే జూమ్ కాస్త వెనక్కి తీసి, తర్వాత కెమెరా తిప్పాలి. ముందు తిప్పి తర్వాత జూమ్ తీస్తే మీకు జరిగిందే జరుగుతుంది. ఇంకో సంగతి, వ్యూఫైండర్‌లో ఒక కన్ను పెట్టి రెండోది మూసేసుకుంటున్నారేమో గమనించండి. ఆ రెండో కన్ను మైదానం మీద ఉండాలి. మీ షాట్ ఆన్‌ఎయిర్‌లో ఉందని చెప్పడానికి కెమెరా మీద వెలిగే ఎర్ర టాలీ లైట్ కూడా మీకు ఆసరాయే. అది వెలిగినప్పుడు కంగారు కదలికలు వద్దు. ఆరగానే తర్వాతి షాట్ వెతుక్కోవాలి. కొత్తవాళ్లు చాలామంది లైట్ ఆరగానే ఊపిరి పీల్చుకుని ఆగిపోతారు, అసలు పని మొదలయ్యేదే అప్పుడు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది: ‘మిగతా మ్యాచ్ ఎలా తీశానో గుర్తు లేదు’. దిద్దుకోవాల్సింది దీన్ని. హెడ్‌సెట్‌లో డైరెక్టర్‌కి మర్యాదలు చెప్పే తీరిక ఉండదు. ‘టూ, వైడ్‌కి రా’ అని అరిచి మరుక్షణం మూడో కెమెరాతో మాట్లాడుతుంటారు. ఆ అరుపు ఆయనకు అక్కడితో అయిపోయింది, మీకు మాత్రం ఆట ముగిసేదాకా నడిచింది. మ్యాచ్ నడుస్తుండగా సంజాయిషీలు వద్దు. తర్వాతి షాట్ ఇవ్వండి చాలు.

దీనికి మంచి సాధన ఒకటుంది. మీ కెమెరా ఫుటేజీ విడిగా రికార్డయి ఉంటే, దాన్ని ఐసో అంటారు, అడిగి తీసుకోండి. ఆన్‌ఎయిర్ వెళ్లిన ప్రోగ్రామ్ రికార్డింగ్‌నీ తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. డైరెక్టర్ మీ షాట్ ఎప్పుడు వాడారు, మీరు మంచి ఫ్రేమ్ పెట్టినా ఎప్పుడు వాడలేదు, గోల్ తర్వాత మీ ఫ్రేములు ఎలా మారాయి, అన్నీ రాసుకోండి. ఆ గోల్ తర్వాతి పది నిమిషాలు చూడటం ఇబ్బందిగా ఉంటుంది. అయినా చూడండి. పాట జతచేసిన డ్రోన్ షాట్ల షోరీల్ (పని నమూనాల వీడియో) కన్నా, కోత పెట్టకుండా వరుసగా నడిచే ఇలాంటి ఐసో ముక్కే లైవ్ పని ఇచ్చేవాళ్లకు మీ గురించి ఎక్కువ చెబుతుంది.

కెమెరా ఒక్కటే దారి అనుకోకండి. 1963 డిసెంబర్ 7న అమెరికాలో ఆర్మీ–నేవీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో టోనీ వెర్నా అనే డైరెక్టర్ మొదటిసారి ఇన్‌స్టంట్ రీప్లే వేశారు. ఇది మళ్లీ చేసిన స్కోరు కాదని కామెంటేటర్ ప్రేక్షకులకు చెప్పుకోవాల్సి వచ్చింది! ఇవాళ రీప్లే ఆపరేటర్ అనేది విడిగా ఒక ఉద్యోగం. ఒక కెమెరా వదిలేసిన గోల్‌ని ఇంకో కెమెరాలో వెతికి క్షణాల్లో అందించాలి. ఆట తెలిసినవాళ్లకు అది బాగా కుదురుతుంది. కెమెరాల వెలుతురు, రంగులు సరిచూసే ఇంజినీరింగ్, గ్రాఫిక్స్, సౌండ్ కూడా ఉన్నాయి. వచ్చే మ్యాచ్‌కి వీలైతే రీప్లే సీటు అడగండి. మీ క్లోజప్‌లు అవతలివైపు నుంచి ఎలా కనిపిస్తాయో తెలుస్తుంది.

ఇక ఇంట్లోవాళ్ల మాట. వాళ్లన్నదాంట్లో చాలావరకు నిజముంది. ఈ రంగంలో ఎక్కువమంది ఫ్రీలాన్సర్లు. మ్యాచ్ ఉంటే డబ్బు, సీజన్ అయిపోతే ఖాళీ. జనం సెలవులో ఉన్నప్పుడే మీకు పని. కెమెరాలు మాత్రం మైదానంలో ఉండి డైరెక్టర్, రీప్లే వాళ్లు ఇంకో ఊళ్లో కూర్చునే పద్ధతి పెరిగింది. చిన్న మ్యాచ్‌లకు బంతిని తనంతట తానే వెంబడించే కెమెరాలు వచ్చేశాయి, కాబట్టి కింది స్థాయిలో వైడ్ కెమెరా పని తగ్గుతుంది. ఓడిన కెప్టెన్ మొహం ఎప్పుడు పట్టుకోవాలో తెలిసిన మనిషికి ఇంకా గిరాకీ ఉంటుందని నా అంచనా. మొదట్లో దొరికేది చాలాసార్లు కేబుళ్లు లాగే పని, కెమెరా అసిస్టెంట్ పని. అవి చిన్నతనం అనుకోకండి. పెద్ద పోటీలు మీ నగరానికి వస్తే కన్నేసి ఉంచండి. ఒలింపిక్స్ ప్రసారాల పని చూసుకునే ఓబీఎస్ (ఒలింపిక్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసెస్) సంస్థను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2001లో పెట్టింది, అది ఆతిథ్య నగరంలోని విద్యార్థులకు శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకుంటుంది.

ఇంట్లో ‘నాకు ఇష్టం’ అని మాత్రమే చెబితే మాట సాగదు. ఖాళీ నెలల్లో సదస్సులు, స్టేజి కార్యక్రమాల లైవ్ చేస్తారా, ఎడిటింగ్ చేస్తారా, ఎన్నేళ్లు చూసి వేరే నిర్ణయం తీసుకుంటారు, ఇవన్నీ కాగితం మీద రాసి వాళ్ల ముందు పెట్టండి. డిగ్రీ మాత్రం మధ్యలో ఆపకండి.