ఎవరు పోయారమ్మా?

చిన్నీ,

నువ్వు పంపిన రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సాతీ పియానో పీస్ మొదటి జిమ్నోపెదీని వారంలో పట్టేశానని మురిసిపోతూ రాశావు. స్వరాలైతే పట్టావు, ఒక్క తప్పు లేదు. కానీ ప్రతి వాక్యం చివరా ఆగి, నిట్టూర్చి, మళ్ళీ మొదలుపెడుతున్నావే, అదెక్కడ రాసుంది?

నన్ను చూసి నవ్వుకో. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక చర్చి హాల్లో ఇదే పీస్‌ని కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా ఊగిపోతూ వాయించాను. స్టేజి దిగాక మా టీచర్ ఒక్కటే అడిగారు: "ఎవరు పోయారమ్మా?" నెల రోజులు దాని జోలికి పోలేదు. ఎరిక్ సాతీ ఆ పీస్ పైన "నెమ్మదిగా, బాధగా" అని రాసిన మాట నిజమే. ఆ బాధంతా స్వరాల్లోనే పెట్టేశాడు. మనం పైనుంచి పొయ్యక్కర్లేదు.

ముందు కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకో. ఎడమచేత్తో ఒకటో లెక్కకి కింద జీ మీట, రెండో లెక్కకి పైన బీ, డీ, ఎఫ్ షార్ప్ కలిపి నొక్కే కార్డ్. తర్వాతి బార్‌లో, అంటే తర్వాతి మూడు లెక్కల గడిలో, కింద డీ, పైన ఏ, సీ షార్ప్, ఎఫ్ షార్ప్. మొదటి నాలుగు బార్లూ ఈ ఊయలే, రాగం అయిదో బార్‌లో గానీ రాదు. ఇబ్బందంతా ఆ గెంతులో ఉంది. కింది మీట వదిలి చెయ్యి విసురుతున్నావు, అందుకే కార్డ్ టప్పుమని పడుతోంది. చెయ్యి ముందుగా వెళ్ళి మీటల మీద కూర్చోవాలి, తర్వాతే నొక్కాలి. కింది స్వరం మోగుతుండగానే పెడల్ మీద కాలెత్తి వెంటనే తొక్కు. ప్రతి బార్‌కీ అంతే. లెక్క కొట్టే మెట్రోనోమ్ నేనైతే నిమిషానికి 72 దగ్గర పెడతాను. రెండు రోజులు ఇలా ఎడమచెయ్యి ఒక్కటే వాయించు, బోరు కొట్టినా సరే.

ఇంకొకటి. చిట్టచివర ఎఫ్ షార్ప్ పోయి మామూలు ఎఫ్ వస్తుంది, వెలుగ్గా వినిపించే మేజర్ కాస్తా దిగులుగా వినిపించే మైనర్‌లోకి వాలిపోతుంది. నువ్వక్కడ నాలుగు బార్ల ముందునుంచే వేగం తగ్గించి చాటింపు వేశావు. చెప్పాపెట్టకుండా రానీ.

సాతీ వింతల గురించి అడిగావు. ఒకే రకం వెల్వెట్ సూట్లు ఏడు కొనుక్కోవడం, కట్టలకొద్దీ గొడుగులు, అన్నీ నిజమే. 1898లో పారిస్ శివారు ఆర్కేయ్‌లో గదిలో దిగాడు. 1925లో చనిపోయేదాకా ఆ గదిలోకి స్నేహితుల్ని ఎవర్నీ రానివ్వలేదు. కానీ వీటిని చూసి పాటని జోకులా వాయించకు. 1888లో రాసిన మూడు జిమ్నోపెదీల్లో రెండింటిని దెబ్యూసీ అంతటి స్వరకర్త ఆర్కెస్ట్రాకి మార్చాడు. ఆ తర్వాత కూడా, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, సాతీ స్కోలా కాంతోరుమ్ అనే సంగీత పాఠశాలలో చేరి కుర్రాళ్ళ పక్కన కూర్చుని కౌంటర్‌పాయింట్, అంటే ఒకేసారి నడిచే రాగాల్ని అల్లే విద్య, నేర్చుకున్నాడు. నన్నడిగితే గొడుగుల కంటే అదే పెద్ద వింత.

ఇది కుదిరాక సాతీదే ఇంకో పీస్, మొదటి గ్నోసియెన్ తీసుకో. అందులో బార్ గీతలుండవు. అలాగని ఆలాపనలా సాగదీయకు. గీతల్లేవు గానీ ఎడమచేతిలో తాళం ఉంది, అది కదలకూడదు. కావాలంటే పెన్సిల్‌తో గీతలు గీసుకుని, అలవాటయ్యాక చెరిపెయ్యి. మధ్యమధ్య "చాలా మెరుస్తూ", "ఆలోచన కొసతో" లాంటి సూచనలు కనిపిస్తాయి. అర్థం ఏమిటని తల బద్దలు కొట్టుకోకు. ఆ మాట చదివినప్పుడు వేలు మీట మీద వాలే తీరు కొంచెం మారుతుంది చూడు, అంతే చాలు. పైకి మాత్రం చదవకు. మరో సంకలనంలోనైతే వాయించేటప్పుడు తన మాటలు బయటికి చదవడం నిషేధమని ఆయనే రాశాడు.

నువ్వు చిన్నప్పుడు ఏడుస్తూ నేర్చుకున్న క్లెమెంటి సొనాటినా, ఓపస్ 36లో మొదటిది, గుర్తుందా? 1917లో సాతీ దానికే వేషం మార్చి ఒక గుమాస్తా కథ చేశాడు. పొద్దున్నే హుషారుగా ఆఫీసుకి బయల్దేరతాడు, ప్రమోషన్ గురించి కలలు కంటాడు, పక్కింట్లో పియానో మోగుతుంది, అది క్లెమెంటీయే! కొంచెం చెయ్యి తిరిగాక వాయించు, నీ పగ తీరుతుంది. ఒక చిన్న ముక్కని 840 సార్లు వాయించమన్న "వెక్సేషన్స్" జోలికి మాత్రం పోకు. 1963లో న్యూయార్క్‌లో జాన్ కేజ్ అనే స్వరకర్త దాన్ని పూర్తిగా వాయింపిస్తే, పియానిస్టులు వంతులేసుకున్నా పద్దెనిమిది గంటలు దాటింది. మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఆదివారం మళ్ళీ రికార్డ్ చేసి పంపు. ఈసారి ఫోన్ ఎడమవైపు పెట్టు, ఆ కింది జీ నాకు సరిగ్గా వినబడాలి.

నీ
పెద్దమ్మ