ఎమిరేట్స్‌లో సెలెక్ట్ అయింది, వాళ్ళ నాన్న మాట్లాడటం మానేశారు

"మేడమ్, మాది తెనాలి. మా అమ్మాయికి 23 ఏళ్ళు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు హైదరాబాద్‌లో ఒక హోటల్ రిసెప్షన్‌లో చేసింది. ఇప్పుడు దుబాయ్ ఎమిరేట్స్ ఎయిర్‌లైన్స్‌లో క్యాబిన్ క్రూగా సెలెక్ట్ అయింది. మావారు ససేమిరా అంటున్నారు, ఎయిర్ హోస్టెస్ అంటే సంబంధాలు రావని పది రోజులుగా దానితో మాటల్లేవు. అది సరిగ్గా అన్నం తినట్లేదు. ఫ్రీ టికెట్లు ఇస్తారంట కదా, నెలకోసారి వెళ్ళి చూసి రావచ్చని నా ఆశ. పంపించమంటారా?"

అమ్మా, పంపించండి. కానీ మీవారు భయపడే విషయం ఒకటి, నిజంగా ఆలోచించాల్సింది ఇంకొకటి, అది చెప్తాను.

ముందు ఆయన సంగతి. ఎయిర్ హోస్టెస్ అంటే లిప్‌స్టిక్ వేసుకుని కాఫీలు అందించే పిల్ల అనే కదా మన ఇళ్ళల్లో అనుకునేది, ఆయన్ని ఒక్కసారి ఈ సంగతి వినమనండి. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్ళిన ఎమిరేట్స్ విమానం దిగేటప్పుడు రన్‌వే మీద పడి తగలబడిపోయింది. లోపల 300 మంది ఉన్నారు, 300 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. మంట ఆర్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ మాత్రం చనిపోయాడు, పాపం. పొగలో జనం పైనున్న బ్యాగుల కోసం ఎగబడుతుంటే వదిలెయ్యండి దూకండి అని అరిచి కిందకి దింపింది ఆ క్రూ పిల్లలే. మీ అమ్మాయికి ట్రైనింగ్‌లో నేర్పేది కూడా అదే, తలుపు తెరవడం, మంట ఆర్పడం, గుండె ఆగినవాళ్ళకి సీపీఆర్ చేయడం. ఒకప్పుడు ఎయిరిండియాలో హోస్టెస్‌కి మొదటిసారి కడుపొస్తే ఉద్యోగం తీసేసేవాళ్ళు, 1981లో సుప్రీంకోర్టు ఆ రూల్ కొట్టేసింది. రూల్ పోయి ఇన్నేళ్ళయినా, పెళ్ళీ పిల్లలూ ఆ ఉద్యోగానికి పొసగవనే మాట మాత్రం మన మధ్య ఇంకా తిరుగుతూనే ఉంది.

అసలు కష్టం నిద్ర దగ్గరమ్మా. మా అక్క కూతురు వేరే ఒక ఎయిర్‌లైన్స్‌లో ఐదేళ్ళు చేసింది కాబట్టి దగ్గర్నుంచి చూశాను. సంక్రాంతి రోజు వీడియో కాల్‌లో మేమంతా అరిసెలు తింటున్నాం, దానికి రాత్రి ఒంటిగంటన్నరకి పికప్ అంట, మధ్యాహ్నం మూడింటికే కర్టెన్లు మూసేసి మంచం మీద కూర్చుంది, కళ్ళు చూస్తే నిద్ర పట్టట్లేదని తెలిసిపోతోంది. పిన్నీ, ఇల్లు చూపించు అంది, ముగ్గు చూపించాను, ఫోన్ పక్కకి పెట్టేసి ఏడ్చింది. రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, నెలనెలా వస్తుంది, అందులో స్టాండ్‌బై రోజులుంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలి, పండగలూ పెళ్ళిళ్ళూ మన ఇష్టం కాదు. జలుబు చేసినా ఎగరకూడదు, చెవులు దెబ్బతినొచ్చు. బరువైన బండ్లు తోసి తోసి నడుం నొప్పి మామూలే. ఇవన్నీ మీ అమ్మాయికి తెలుసా, తెలిసే సరే అందా అని అడగండి. అడగాల్సింది ఇదే.

ఇంక మీ ఫ్రీ టికెట్ల ఆశ. తల్లి మనసు, ఆశపడటంలో తప్పేం లేదు. కానీ అది మామూలుగా స్టాండ్‌బై టికెట్, అంటే డిస్కౌంట్ బాగా ఉంటుంది గానీ సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు. నేనూ మా పిల్ల దగ్గరికి అలాగే బయల్దేరా, గోంగూర పచ్చడి సీసా తువ్వాలులో చుట్టుకుని శంషాబాద్‌లో రాత్రి తొమ్మిది నుంచి కూర్చుంటే రెండు ఫ్లైట్లు నిండిపోయి వెళ్ళిపోయాయి, మర్నాడు మధ్యాహ్నం దొరికింది సీటు. ఎండాకాలం సెలవుల్లో, పండగలప్పుడు దీన్ని నమ్ముకోవద్దు. స్కూళ్ళు తెరిచాక వెళ్ళండి, హాయిగా ఉంటుంది.

డబ్బు విషయం కాస్త జాగ్రత్తగా చదవండి. కంపెనీ ఇల్లు ఇస్తుంది, డ్యూటీకి బస్సు ఇస్తుంది, దుబాయ్‌లో జీతం మీద ఇన్‌కమ్ టాక్స్ లేదు, అందుకే ఈ వయసులో ఇంత మిగిలే ఉద్యోగం ఇక్కడ దొరకడం కష్టమే. అయితే జీతంలో బేసిక్ వేరు, ఎగిరిన గంటలకిచ్చేది వేరు, బయటి ఊళ్ళో ఆగినప్పుడు భోజనానికిచ్చేది వేరు. ఒంట్లో బాగోక నెలంతా ఎగరకపోతే ఆ గంటల డబ్బు రాదు. కాబట్టి దాని మొత్తం జీతం చూసి మీరిక్కడ ఇంటి లోన్ పెట్టుకోకండి, బేసిక్ చూసి లెక్కేసుకోండి. మన పీఎఫ్ లాంటిది ఉంటుందనుకోకండి, ఉద్యోగం మానేటప్పుడిచ్చే గ్రాట్యుటీ ఉంటుంది, ఏడాది పూర్తయితే మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, అంతే. విమానాల ఉద్యోగం ఎప్పుడూ గట్టిది కాదు కూడా. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయేనాటికే అక్కడివాళ్ళకి జీతాలు బాకీ, 2020లో కరోనా వచ్చినప్పుడు ఎమిరేట్సే వేలమందిని తీసేసింది. ఆర్నెల్ల ఖర్చు దాని పేరునే బ్యాంకులో ఉండేలా చూడండి, మీ పేరున కాదు.

ఇంకోటి, మధ్యలో ఏజెంట్ అని ఎవరైనా డబ్బడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి.

సంబంధాల గురించి నేను అబద్ధం చెప్పను, కొన్ని వెనక్కి పోతాయి. యూనిఫామ్ చూసి వెనక్కిపోయేవాళ్ళు రేపు దాని జీతం మీదా రాకపోకల మీదా కూడా పెత్తనం చేసేవాళ్ళే, పోనివ్వండి. మా పిల్లకి ఉద్యోగంలో ఉండగానే పెళ్ళయింది, ఆ అబ్బాయికి రోస్టర్ చదవడం దానికంటే బాగా వచ్చు.

మీవారితో ఈ ఆదివారం మాట్లాడండి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి ఆఫర్ లెటర్ గట్టిగా చదివించండి, ఆయన సందేహాలు ఆయన్నే అడగనివ్వండి. అప్పటికీ ఒప్పుకోకపోతే శంషాబాద్‌కి మాత్రం ఆయన్ని తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. దారంతా మాట్లాడకపోయినా పర్లేదు, బ్యాగు మాత్రం ఆయన చేతికే ఇవ్వండి.