మూసేసిన అణు విద్యుత్ కేంద్రంలో వాడిన ఇంధనానికి కాపలా ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు?

హార్ట్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేస్తూ కనెక్టికట్ నది వైపు ఇల్లు చూస్తున్నామని, హాడమ్ నెక్‌లో 1996లోనే మూతపడిన అణు విద్యుత్ కేంద్రపు ఇంధనం ఇంకా అక్కడే ఉందని తెలిసి కలవరపడ్డామని రాశారు. విద్యుత్తే తయారుకాని చోట రాత్రింబవళ్లు కాపలా ఎందుకు, అది ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు, ఖర్చు తగ్గించుకోవడానికి యాజమాన్యం దాన్ని సడలించుకోగలదా అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేను అమెరికాలోనే మూతపడిన మరొక కేంద్రంలో లైసెన్సింగ్ విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. రక్షణ ప్రణాళికలో మార్పులకూ, నియమాల నుంచి మినహాయింపు కోరే దరఖాస్తులకూ సాంకేతిక సమర్థన రాయడం నా పని. ఆ కేంద్రం పేరూ, అక్కడి ఏర్పాట్ల వివరాలూ బయట చెప్పే హక్కు నాకు లేదు. నియమాలు మాత్రం ఎవరైనా చదువుకోగలిగినవే.

తెలుగులో మనం భద్రత అన్న ఒక్క మాటతోనే రెండు వేర్వేరు విషయాలు చెబుతాం. పొరపాటు వల్లో, భూకంపం వల్లో, యంత్రం చెడిపోవడం వల్లో ప్రమాదం జరగకుండా చూడటం ఒకటి. ఎవరో కావాలని హాని తలపెడితే అడ్డుకోవడం రెండోది. అమెరికా అణు నియంత్రణ సంఘంలో, అంటే ఎన్‌ఆర్‌సీలో, ఈ రెంటికీ నియమాలు వేరు, తనిఖీలు వేరు. అందుకే కింద నేను మొదటిదాన్ని భద్రత అనీ, రెండోదాన్ని రక్షణ అనీ రాస్తున్నాను.

కాపలా ఎంత ఉండాలన్నది కేంద్రం నడుస్తోందా మూతపడిందా అన్నదాని కంటే, ఇంధనం నీటి కొలనులో ఉందా, కాస్కుల్లోకి (పొడిగా నిల్వచేసే భారీ పాత్రల్లోకి) చేరిందా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడాలి. రియాక్టర్ నుంచి తీసిన ఇంధన కట్టలను ముందుగా లోతైన నీటి కొలనులో కొన్నేళ్లు చల్లబరుస్తారు. ఇంధన గుళికల చుట్టూ ఉండే గొట్టాలు జిర్కోనియం మిశ్రమంతో చేసినవి. మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యేవీ ఆ జాతి గొట్టాలే. కొత్తగా తీసిన ఇంధనం ఉన్న కొలనులోని నీరంతా పోతే ఆ లోహం వేడెక్కి గాలితో చర్య జరిపి అంటుకోవచ్చు. అప్పుడు సీజియం వంటి రేడియోధార్మిక పదార్థాలు చాలా దూరం వ్యాపించే వీలుంది. కొలను ఉన్న కాలమంతా శత్రువు కన్నుపడే చోటు అదే. ఇంధనం పాతబడేకొద్దీ ఈ ముప్పు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూడటానికి ఎన్‌ఆర్‌సీ సిబ్బంది వాడే కొలమానం ఇది: నీరూ, గాలి ప్రసరణా రెండూ లేకపోయినా గొట్టాలు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరడానికి కనీసం 10 గంటలు పడుతుందని లెక్కకట్టి చూపితే, కేంద్రం బయటి ప్రజల కోసం ఉండే అత్యవసర ఏర్పాట్లను తగ్గించుకోవడానికి ఒప్పుకుంటారు. 2022 మార్చిలో ప్రతిపాదించిన నియమాల్లో ఇందుకు రియాక్టర్ శాశ్వతంగా ఆగిన తర్వాత మరిగే నీటి రకానికి 10 నెలలు, పీడన నీటి రకానికి 16 నెలలు గడవాలని పెట్టారు.

కాస్కులోకి చేరాక కథ మారుతుంది. ఇంధన కట్టలను ఉక్కు క్యానిస్టర్‌లో పెట్టి, మూత వెల్డింగ్ చేసి, లోపల హీలియం నింపి, దాన్ని మందమైన కాంక్రీటు పాత్రలో నిలబెడతారు. చల్లబరచడానికి పంపులు అక్కర్లేదు, విద్యుత్తు అక్కర్లేదు. గాలి దానంతటదే కిందినుంచి పైకి ప్రసరిస్తుంది. అమెరికా జాతీయ అకాడమీల నిపుణుల సంఘం 2005లో బయటపెట్టిన నివేదికలో, పొడి నిల్వకు కొలనులకు లేని సహజమైన అనుకూలతలున్నాయని స్పష్టంగా చెప్పింది: ఇంధనం చిన్న చిన్న భాగాలుగా విడిపోయి ఉంటుంది, ఒక పాత్రకు హాని జరిగినా మిగతావాటికి సోకదు. హాడమ్ నెక్‌లో ఇంధనమంతా 2005 నాటికే పొడి నిల్వకు చేరింది. అక్కడ నిలబెట్టిన 43 కాస్కుల్లో 40 వాడిన ఇంధనానివి. మిగతా 3 రియాక్టర్ లోపలి భాగాల నుంచి వచ్చిన తీవ్ర రేడియోధార్మిక వ్యర్థానివి.

ఇక నిర్ణయించేది ఎవరంటే, ఎన్‌ఆర్‌సీయే. రాష్ట్రానికీ, ఊరికీ ఇందులో అధికారం లేదు, అభిప్రాయం చెప్పే అవకాశం మాత్రం ఉంది. పాత రియాక్టర్ లైసెన్సు కిందనే కాస్కులను నిలిపినవారికి వర్తించే నియమం, నడిచే కేంద్రాల రక్షణ నియమాన్నే మూలంగా తీసుకుని కొన్ని సడలింపులు ఇస్తుంది. సాయుధుల గుంపు, లోపలి మనిషి సహకారం, పేలుడు పదార్థాల వాహనం వంటివన్నీ ఊహించి రాసిన శత్రువు నమూనానే ఇక్కడా ఎదురుగా పెట్టుకోవాలి. కంచె వేసిన రక్షిత ప్రాంతం ఉండాలి. అయితే దాని లోపల మరో కీలక ప్రాంతం అక్కర్లేదు. లోపలికి వచ్చేవారిని యంత్రాలతో కాక చేతులతో తడిమి సోదా చేయవచ్చు. కెమెరాలకు బదులు గస్తీ మనిషిని పెట్టవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన సడలింపు, దాడి చేసినవారిని అక్కడికక్కడే నిలువరించి ఓడించే బాధ్యత నుంచి మినహాయింపు. అంటే కాపలాదారు పని ప్రధానంగా గుర్తించడం, అది ఏమిటో తేల్చుకోవడం, బయటి పోలీసులకు వెంటనే తెలియజేయడం. 2001 సెప్టెంబర్ 11 తర్వాత, 2002లో ఎన్‌ఆర్‌సీ ఈ నిల్వ కేంద్రాలన్నిటికీ అదనపు రక్షణ ఆదేశాలు ఇచ్చింది. వాటి పూర్తి పాఠం బహిరంగం కాదు.

ఈ సడలింపులు విని భయపడకండి. వంద టన్నులకు పైగా బరువుండే కాస్కును ఎవరూ రాత్రికి రాత్రి ఎత్తుకుపోలేరు. దాన్ని ఛేదించడానికి పట్టే సమయమే పోలీసులు చేరుకోవడానికి దొరికే సమయం. కాబట్టి ఇక్కడ రక్షణకు ఆయువుపట్టు తుపాకుల సంఖ్యలో లేదు. ఎంత త్వరగా కనిపెడతారు, పిలిస్తే ఎవరు ఎంతసేపట్లో వస్తారు అన్న రెండు విషయాల్లో ఉంది. స్థానిక పోలీసులతో రాతపూర్వక ఒప్పందం తాజాగా ఉందా, వాళ్లు ఏటా ఆ స్థలానికి వచ్చి చూసుకుంటున్నారా అన్నది నేను ప్రతి సమీక్షలోనూ పట్టుబట్టి అడిగేవాణ్ణి.

మూడో ప్రశ్నకు జవాబు: సడలించుకోగలదు, కానీ తన ఇష్టప్రకారం కాదు. రక్షణ ప్రణాళిక సమర్థతను తగ్గించని మార్పులను యాజమాన్యం ముందస్తు అనుమతి లేకుండా చేసి, రెండు నెలల్లోపు ఎన్‌ఆర్‌సీకి నివేదించాలి. సమర్థతను తగ్గించే మార్పుకు ముందే అనుమతి కావాలి. చిక్కంతా ఈ తగ్గించని అన్న మాట దగ్గరే వస్తుంది. మా కేంద్రంలో ఇంధనమంతా కాస్కుల్లోకి చేరి, పాత భవనాలను కూలుస్తున్న రోజుల్లో, కూల్చివేత కాంట్రాక్టర్ మనుషులు శిథిలాలు నింపే పెద్ద ఉక్కు పెట్టెలను కంచె బయట వరుసగా పెట్టించారు. వాళ్ల లెక్క ప్రకారం అది ఖాళీ స్థలం. కానీ ఆ పెట్టెల వల్ల ఒక కెమెరా చూపు కొంతమేర మూసుకుపోయింది. సాయంత్రం గస్తీ మనిషి అది గమనించి చెప్పాడు. పెట్టెలు తీసేదాకా అక్కడ ఒక మనిషిని నిలబెట్టి, జరిగింది దస్త్రంలో నమోదు చేశాం. ఏ హానీ జరగలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ప్రణాళికలో మేము ఒక్క అక్షరం కూడా మార్చలేదు, అయినా రక్షణ తగ్గింది. ఆ తర్వాత నుంచి కూల్చివేత పనుల ప్రతి కాగితం మీదా రక్షణ విభాగం సంతకం ఉండాలని నియమం పెట్టుకున్నాం. మూతపడే కేంద్రంలో పాతవాళ్లు వెళ్లిపోతుంటారు, కొత్తగా వచ్చే కాంట్రాక్టు మనుషులకు ఏ గీత ఎందుకు గీశారో తెలియదు. ఈ మార్పు కాలమే నా అనుభవంలో అన్నిటికంటే బలహీనమైన దశ.

అమెరికా పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. నియమాలన్నీ నడిచే కేంద్రాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావడంతో, మూతపడిన ప్రతి కేంద్రమూ విడివిడిగా మినహాయింపులు అడుగుతూ వస్తోంది. నేనే అలాంటివి రాశాను. సాంకేతికంగా అవి సరైనవేనని ఇప్పటికీ నమ్ముతాను. కానీ మినహాయింపుల మీద నడిచే వ్యవస్థను ఊరి ప్రజలు అర్థం చేసుకోవడం కష్టం. ఒక కేంద్రంలో ఏం మిగిలిందో తెలుసుకోవాలంటే పదేళ్ల ఉత్తరాలు వరుసగా చదవాలి.

ఇంకొక విషయం చాలామంది దృష్టికి రాదు. కాలం గడిచేకొద్దీ భద్రత పరంగా ఇంధనం నెమ్మదిస్తుంది గానీ, దొంగతనం పరంగా అలా కాదు. వాడిన ఇంధనపు తీవ్ర వికిరణమే ఇప్పుడు దానికి మొదటి కాపలాదారు. మూడడుగుల దూరంలో గంటకు 100 రెమ్‌లకు (రెమ్ వికిరణ మోతాదు కొలమానం) మించి వికిరణం ఉన్న పదార్థానికి దొంగతనం విషయంలో నియమాలే కొంత వెసులుబాటు ఇస్తాయి. ఆ వికిరణంలో పెద్ద వాటా ఇచ్చే సీజియం 30 ఏళ్లకు సగమవుతూ పోతుంది. బాంబు తయారీకి పనికొచ్చే లోపలి ప్లుటోనియం మాత్రం 24 వేల ఏళ్లకు గానీ సగమవదు. కనుక కొన్ని తరాల తర్వాత కాపలా తగ్గడం కాదు, పెరగాల్సి రావచ్చు. 1982 నాటి అణు వ్యర్థాల చట్టం ప్రకారం 1998 జనవరి 31 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈ ఇంధనాన్ని తీసుకుపోవాల్సింది. దాన్ని భూగర్భంలో శాశ్వతంగా దాచడానికి తలపెట్టిన నెవాడాలోని యుక్కా పర్వతం పథకం ఆగిపోయింది. టెక్సాస్‌లో ప్రైవేటు నిల్వకు ఎన్‌ఆర్‌సీ ఇచ్చిన లైసెన్సు మీద నడిచిన వ్యాజ్యంలో 2025 జూన్‌లో సుప్రీంకోర్టు, సవాలు చేసే అర్హత టెక్సాస్‌కు లేదని తీర్పిచ్చింది గానీ, అక్కడికి ఒక్క కాస్కూ కదలలేదు. కొన్నేళ్ల మజిలీగా అనుకున్న చోటు ఎన్ని తరాలు ఉంటుందో తేలకపోవడమే నన్ను నిజంగా బాధపెట్టే సంగతి.

ఇల్లు విషయానికి వస్తే, నేనైతే ఆ కాస్కులను చూసి వెనకాడను. కొనే ముందు ఎన్‌ఆర్‌సీ బహిరంగ పత్రాల భాండాగారమైన ఆడమ్స్‌లో హాడమ్ నెక్ పేరుతో వెతికి, తనిఖీ ఉత్తరాలు చదవండి. రక్షణ తనిఖీల వివరాలు అందులో ఉండవు గానీ, తనిఖీ నివేదికకు ముందు జతచేసే ఉత్తరం చదివితే లోపం దొరికిందో లేదో సాధారణంగా తెలుస్తుంది. ఆ ఊళ్లో స్థిరపడ్డాక బహిరంగ సమావేశం జరిగితే వెళ్లి, పోలీసులు చివరిసారి ఎప్పుడు వచ్చి ఆ స్థలం చూసుకున్నారని అడగండి.